నాలుగేళ్ల పవర్ వీడర్: బ్లేడ్లు మార్చాలా, బండే మార్చాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రెండెకరాల కూరగాయల తోట, 7 హెచ్‌పీ పెట్రోల్ పవర్ వీడర్ (సాళ్ల మధ్య కలుపు తీసి మట్టి గుల్లచేసే చిన్న బండి), కొని నాలుగో ఏడు. బ్లేడ్లు సగానికి అరిగాయి. బండి నేలలోకి దిగకుండా పైపైన ఎగురుతోంది. లోడు పడితే బెల్టు కీచుమంటోంది. ఎడమవైపు బ్లేడ్ల దగ్గర గేర్‌బాక్స్ నుంచి నల్లగా ఆయిల్ కారుతోంది. షాపతను దీని మీద డబ్బు పెట్టడం దండగ, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోండి అన్నాడు. బ్లేడ్లు మాత్రం మార్చుకుని చూడాలా, బండే మార్చేయాలా అన్నది మీ సందేహం.

బండి మార్చొద్దు. ఇంజన్ రెండు మూడు లాగుళ్లకే స్టార్ట్ అవుతోందని, పొగ లేదని మీరే రాశారు. అంటే బండిలో ఖరీదైన భాగం బాగానే ఉంది. మిగతావన్నీ అరగడానికే పెట్టిన వస్తువులు. కానీ బ్లేడ్లతో మొదలుపెట్టకండి. ముందు ఆయిల్ సీల్ (బ్లేడ్లు తిప్పే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు), తర్వాత బ్లేడ్లు, ఆ తర్వాత బెల్టు. ఈ వరస ఎందుకో చెబుతాను.

నేను మదనపల్లె వైపు వీడర్లు, మందు కొట్టే మిషన్లు, చిన్న ఇంజన్లు బాగుచేస్తుంటాను. టమాట సాళ్లలో తిరిగిన బండ్లే ఎక్కువగా నా దగ్గరికి వస్తాయి. అరిగిన బ్లేడుతో వచ్చిన బండిని చూసి నేనెప్పుడూ కంగారుపడను. బ్లేడు అరిగితే పని ఆలస్యమవుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతవరకే. ఆయిల్ కారుతున్న గేర్‌బాక్స్ అలా కాదు. ఆయిల్ బయటికి వచ్చే దారినే దుమ్ము, బురదనీళ్లు లోపలికి వెళ్తాయి. ఆ బురద ఆయిల్‌లో కలిసి గేర్లను, బేరింగులను రాత్రింబవళ్లు సానపడుతుంది. సీల్ ఖరీదు వందల్లో ఉంటుంది, గేర్ల సెట్టు ఖరీదు వేలల్లో ఉంటుంది. ఈ తేడా తెలిసీ సీల్‌ని వచ్చే సీజన్‌కి వాయిదా వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సీల్ ఎందుకు పోయిందో ముందు తెలుసుకోండి

సీల్ దానంతట అది అరిగిపోవడం తక్కువ. ఎక్కువసార్లు దాన్ని ఏదో ఒకటి కోసేస్తుంది. బ్లేడ్లున్న రోటర్‌ని షాఫ్ట్ నుంచి లాగి చూడండి, సీల్ మూతి దగ్గర ఏదో చుట్టుకుని ఉంటుంది. మా వైపు ఎక్కువగా కనిపించేది మల్చింగ్ షీట్ (సాళ్ల మీద పరిచే ప్లాస్టిక్ షీటు) పీలికలు. పంట అయిపోయాక షీటుని పూర్తిగా ఏరకుండా వీడర్ తోలితే ఆ పీలికలు షాఫ్ట్‌కి చుట్టుకుని, వేడికి ముద్దై, గట్టి రింగులా తయారవుతాయి. ఆ రింగు తిరిగినంతసేపూ సీల్ రబ్బరు పెదవిని గీరుతూనే ఉంటుంది. టమాటకి ఊతకర్రలు కట్టే ప్లాస్టిక్ పురి, ఎరువు సంచుల దారాలు, పాత డ్రిప్ పైపు ముక్కలు, గరిక వేర్లు కూడా ఇదే పని చేస్తాయి. ఒక టమాట రైతు బండికి ఒకే సీజన్‌లో మళ్లీ మళ్లీ సీల్ మార్చాల్సి వచ్చింది. సీల్ నాసిరకం అనుకుని వేరే కంపెనీది వేయించాడు, అదీ పోయింది. చివరికి ఆయన చేయాల్సి వచ్చింది ఒక్కటే: రోజూ పని అయ్యాక రోటర్ పిన్ను లాగి, షాఫ్ట్‌కి చుట్టుకున్నదాన్ని కత్తితో కోసి తీసేయడం. ఆ అలవాటు పడ్డాక సీల్ నిలిచింది.

రెండో కారణం చాలామంది మెకానిక్‌లు కూడా చూడరు. గేర్‌బాక్స్ పైన, చాలా బండ్లలో ఆయిల్ పోసే మూతకే, గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే, గేర్‌బాక్స్ వేడెక్కినప్పుడు లోపలి గాలి పోయే దారి లేక ఆయిల్‌ని సీల్ పక్కనుంచి బయటికి తోస్తుంది. కొత్త సీల్ వేసినా కారడం ఆగదు. సీల్ మార్చే ముందు ఆ రంధ్రాన్ని సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేయండి. గేర్ ఆయిల్ ఎక్కువ పోసినా ఇలాగే అవుతుంది. బండిని సమంగా నిలబెట్టి, లెవెల్ బోల్టు వరకే పోయాలి. లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం పోయకూడదు.

మూడోది బేరింగు. రోటర్‌ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ, లోపలికీ బయటికీ ఊపండి. టకటకమని ఆడితే బేరింగు అరిగినట్టే. బేరింగు ఆడుతుంటే షాఫ్ట్ వంకరగా తిరుగుతుంది, ఎంత మంచి సీల్ వేసినా నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. అప్పుడు సీల్, బేరింగు రెండూ కలిపి మార్చాలి.

సీల్ మార్చే పద్ధతి

ఏ పని మొదలుపెట్టినా ముందు స్పార్క్ ప్లగ్ మీది టోపీ లాగేయండి. బండి ఆగే ఉంది కదా అనుకోవద్దు. చేత్తో బ్లేడ్లు తిప్పుతున్నప్పుడు గేరు పడి ఉంటే ఇంజన్ కూడా తిరుగుతుంది, ఒక్కసారి అంటుకుందంటే వేళ్లు పోతాయి. బండిని వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు కిందికి రాకుండా చూసుకోండి. లేకపోతే ఇంజన్ ఆయిల్ ఫిల్టర్‌లోకి దిగి ఇంకో తలనొప్పి మొదలవుతుంది.

బండిని పదినిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ టోపీ లాగేశాక, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టు విప్పండి. దిగిన ఆయిల్‌ని బాగా చూడండి. అది నల్లగా ఉంటే పాతబడిందని అర్థం. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వేళ్ల మధ్య రుద్దినప్పుడు మెత్తని బూడిదరంగు పేస్టు తగిలితే మామూలు అరుగుదలే. మెరిసే ఇనుప పొరలు, ముక్కలు కనిపిస్తే మాత్రం గేర్‌బాక్స్ విప్పించాల్సిందే.

పాత సీల్‌ని స్క్రూడ్రైవర్‌తో తీసేటప్పుడు షాఫ్ట్‌కి గానీ, సీల్ కూర్చునే గుంటకి గానీ గీత పడనివ్వొద్దు. సీల్ తీశాక దాని పెదవి ఆనిన చోట షాఫ్ట్ మీద గోరుతో గీరి చూడండి. గోరు ఒక గాడిలో తట్టుకుంటే షాఫ్ట్ కూడా అరిగిందని అర్థం. దాని కోసం వెంటనే షాఫ్ట్ మార్చనక్కర్లేదు. కొత్త సీల్‌ని పాత లోతుకంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెడితే పెదవి నున్నటి చోట ఆనుతుంది. గుంటలో అంత చోటుందో లేదో ముందే చూసుకోవాలి.

సీల్ లోపల సన్నటి స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ వైపుకి, అంటే గేర్‌బాక్స్ లోపలికి ఉండాలి. పెదవికి కొంచెం గ్రీజు రాయండి. ఆరు పలకల షాఫ్ట్ అయితే ఆ అంచులు రబ్బరుని కోసేస్తాయి కాబట్టి, షాఫ్ట్ చివరికి పలుచని ప్లాస్టిక్ కవర్ చుట్టి దాని మీదుగా సీల్ ఎక్కించండి. కొత్త సీల్ మొదటి రోజే కారడానికి నేను చూసిన ముఖ్య కారణం ఇదే. సుత్తితో నేరుగా కొట్టొద్దు. సీల్ చుట్టుకొలతకు దగ్గరగా ఉన్న పైపు ముక్క ఆనించి, అన్ని వైపులా సమంగా దిగేలా మెల్లగా తట్టండి. తర్వాత కొత్త గేర్ ఆయిల్ పోయండి. చాలా వీడర్ గేర్‌బాక్సులకు 90 నంబరు గేర్ ఆయిల్ సరిపోతుంది, అయినా మీ బండి పుస్తకంలో ఏముందో చూసుకోండి.

స్పేర్ పార్ట్ కోసం డీలర్ చుట్టూ తిరగక్కర్లేదు

మీ కంపెనీ డీలర్ దగ్గర సీల్ లేదని, తెప్పించడానికి నెల పడుతుందని రాశారు. సీల్‌కి, బేరింగుకి కంపెనీ పేరుతో పనిలేదు, వాటి మీదున్న నంబరు ఉంటే చాలు. సీల్ ముఖం మీద 35-52-7 లాంటి అంకెలుంటాయి. మొదటిది లోపలి కొలత, రెండోది బయటి కొలత, మూడోది మందం, అన్నీ మిల్లీమీటర్లలో. బేరింగు మీద 6204, 6205, 6206 అని ఉంటుంది. 6205 అంటే లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు, ఏ కంపెనీదైనా అంతే. ఏ టౌన్‌లోనైనా బేరింగుల షాపుకి పాత ముక్క తీసుకెళ్తే చేతిలో పెడతారు. అంకెలు అరిగిపోతే వెర్నియర్‌తో కొలిచి ఇస్తారు. సీల్ అడిగేటప్పుడు డబుల్ లిప్ అని చెప్పండి. దానికి బయటివైపు దుమ్మును ఆపే రెండో పెదవి ఉంటుంది, మన మట్టికి అది చాలా అవసరం. గేర్‌బాక్స్ లోపలి బేరింగు మాత్రం రబ్బరు మూత లేనిదే అడగండి, దానికి గేర్ ఆయిల్ తగలాలి.

ఇక బ్లేడ్లు

పాత బ్లేడు పక్కన కొత్తది పెట్టి చూడండి. పొడవులో బొటనవేలి మందం తగ్గినా, కోసే చోట వెడల్పు సగానికి వచ్చినా మార్చేయండి. అంతకంటే ముందు మార్చడం డబ్బు దండగ, అది దాటాక నడపడం ఒంటికి దండగ. బ్లేడు పొట్టిదైతే బండి లోతుకి దిగదు. దిగడం లేదని మీరు హ్యాండిల్ మీద బరువేస్తారు, ఒకే సాలులో రెండుసార్లు తోలుతారు. మీకొచ్చిన నడుంనొప్పికి కారణం బండి బరువు అనుకున్నారు, నాకు మాత్రం అరిగిన బ్లేడ్లే అనిపిస్తోంది.

అరుగుదల నేలను బట్టి ఉంటుంది. మా ఎర్ర గరుపు నేలల్లో పలుగురాళ్ల ముక్కలు, ఇసుక ఎక్కువ, బ్లేడుని ఆకురాయిలా తినేస్తాయి. తెలంగాణలో చల్కా నేలలవాళ్లకీ ఇదే అనుభవం. నల్లరేగడిలో బ్లేడు అంత తొందరగా అరగదు కానీ, తడిలో మట్టి బ్లేడ్ల మధ్య పట్టేసి ఇంజన్‌కి భారమవుతుంది, ఎండితే పెళ్లలు గుద్దుకుని బోల్టులు తెగుతాయి. ఏ నేలైనా పదును మీద, అంటే మట్టిలో సరిపడా తేమ ఉన్నప్పుడు తోలడమే బ్లేడుకి మంచిది. చేతిలో పిడికిలి పట్టిన మట్టి, వదిలితే పొడిపొడిగా రాలేటప్పుడు తోలండి.

బ్లేడ్లు కొనేటప్పుడు, బిగించేటప్పుడు ఇవి చూడండి:

- సెట్టు మొత్తం ఒకేసారి మార్చండి. రెండు కొత్తవి, మిగతావి పాతవి పెడితే రోటర్ బరువు ఒకవైపు లాగుతుంది. ఆ అదురు నేరుగా బేరింగుకి, అక్కడినుంచి మీరు ఇప్పుడే వేసిన సీల్‌కి వెళ్తుంది.
- ఎడమ బ్లేడ్లు వేరు, కుడి బ్లేడ్లు వేరు. విప్పే ముందు ఫోనుతో రెండు వైపులా ఫోటో తీసుకోండి. బండి ముందుకు నడిచేటప్పుడు పదునైన అంచు ముందు నేలని తాకాలి. తిరగేసి బిగిస్తే వీపుతో నేలని గుద్దుతుంది, కొత్త బ్లేడ్లతో కూడా బండి ఎగురుతుంది.
- పాత బ్లేడు వెంట తీసుకెళ్లి రంధ్రాల సైజు, వాటి మధ్య దూరం సరిపోల్చండి. చూడ్డానికి ఒకేలా ఉన్నవి బిగించేటప్పుడు కలవకపోవడం మామూలే.
- బోల్టు తల మీద 8.8 అని ముద్ర ఉన్నవే వాడండి. ముద్ర లేని మెత్తటి బోల్టు రాయి తగలగానే తెగి, బ్లేడు గాల్లోకి లేస్తుంది. నైలాన్ రింగున్న నట్టు ఒకసారి విప్పితే పట్టు తగ్గుతుంది, కాబట్టి బ్లేడ్లతోపాటు బోల్టులు, నట్లు కూడా కొత్తవే వేయండి.

తుప్పు పట్టి రాని బోల్టుతో కుస్తీ పట్టకండి. ముందురోజు సాయంత్రం తుప్పు వదిలించే స్ప్రే గానీ, డీజిల్ గానీ పోసి వదిలేయండి. అప్పటికీ రాకపోతే గ్రైండర్‌తో తల కోసేయడమే మేలు. కొత్తవి బిగించి గంటసేపు తోలాక ఆపి, మళ్లీ ఒక చుట్టు బిగించి చూడండి. మొదటి గంటలో పెయింటు నలిగి బోల్టులు కొంచెం వదులవుతాయి.

అరిగిన బ్లేడుకి లారీ కమాను పట్టీ ముక్క వెల్డింగ్ చేయిస్తే చవకగా అయిపోతుంది కదా అని కూడా అడిగారు. చేయించొద్దు. బ్లేడుని వేడిచేసి, చల్లార్చి గట్టిపరిచి తయారుచేస్తారు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది, లేదా ఆ అతుకు పక్కనే పెళుసుబారుతుంది. అలా అతికించిన ముక్క ఊడి బెల్టు కవర్‌ని చీల్చుకుని వచ్చిన బండి నా దగ్గరికి వచ్చింది. తోలేవాడి కాలు అక్కడికి జానెడు దూరంలోనే ఉంటుంది. కొత్త బ్లేడు అంచుకి గట్టి వెల్డింగ్ రాడ్‌తో పలుచగా పూత వేయించడం వేరే సంగతి. తెలిసినవాడు చేస్తే ఇసుక నేలల్లో బాగానే నిలుస్తుంది. రాళ్లున్న చేనులో మాత్రం ఆ పూత పెచ్చులుగా రాలిపోతుంది, అక్కడ ఆ ఖర్చు వద్దు.

బ్లేడ్లు మార్చాక వెనకాల లోతు సరిచేసే ఇనుప కడ్డీని కూడా ఒకసారి చూడండి. దాన్ని కిందికి దించితే బండి వేగం తగ్గి లోతుగా దున్నుతుంది, పైకి ఎత్తితే ముందుకు పరిగెడుతుంది. ఆ కడ్డీ కూడా అరిగి పొట్టిదవుతుంది. బ్లేడ్లు కొత్తవైనా బండి పరిగెడుతోందని వచ్చేవాళ్లలో కొందరికి దించాల్సింది ఆ కడ్డీనే.

బెల్టు కీచుమనడం

దీన్ని చివర పెట్టడానికి కారణం ఉంది. అరిగిన బ్లేడ్లతో, గట్టి నేలలో బండి మీద పడే భారానికే బెల్టు జారి అరిచే అవకాశం ఉంది. బ్లేడ్లు మార్చి ఒక పూట తోలి చూడండి, సగం సమస్య తగ్గొచ్చు. అయినా అరిస్తే క్లచ్ పట్టిన స్థితిలో, ఇంజన్ ఆపి, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కండి. 10 నుంచి 15 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తే సరిగ్గా ఉన్నట్టు. అంతకంటే వదులుంటే ముందు క్లచ్ కేబుల్ అడ్జస్ట్ చేయండి. కేబుల్ సాగిపోతే బెల్టు సగం పట్టులోనే తిరుగుతుంది, పక్కలు కాలి అద్దంలా మెరుస్తాయి. అలా మెరిసిన బెల్టు మళ్లీ పట్టదు, మార్చాల్సిందే.

కొత్త బెల్టు పుల్లీ గాడిలో అంచుకి సమానంగా కూర్చోవాలి. బాగా లోపలికి దిగి అడుగుని తాకుతుంటే బెల్టు అయినా అరిగింది, పుల్లీ అయినా అరిగింది. గాడి అడుగు తళతళ మెరుస్తుంటే అదే గుర్తు. రెండు బెల్టుల బండి అయితే రెండూ కలిపే మార్చండి. ఒకటి పాతదైతే భారమంతా కొత్తదే లాగి తొందరగా పోతుంది. బెల్టుకి పొడులు, సబ్బు రాయడం లాంటివి వద్దు. ఇంజన్ పుల్లీ చుట్టూ వంచిన కడ్డీల్లాంటి గైడ్లు ఉంటాయి. అవి వంగి బెల్టుని తాకుతుంటే క్లచ్ వదిలినా బండి మెల్లగా పాకుతుంది. అలాంటి బండిని సరిచేసేదాకా తోలకండి.

ఇంజన్ని కాపాడేది ఎయిర్ ఫిల్టర్

మీ ఇంజన్ బాగుంది కాబట్టి దాన్ని అలాగే ఉంచుకోండి. మన దుమ్ములో చిన్న ఇంజన్లు ఎక్కువగా చచ్చేది ఫిల్టర్ చూడకపోవడం వల్లే. హోండా జిఎక్స్200 లాంటి 196 సీసీ ఇంజన్‌కి కంపెనీ పుస్తకం ప్రకారం 50 గంటలకోసారి ఫిల్టర్ శుభ్రం చేయాలి, దుమ్ములో ఇంకా తరచుగా చేయాలి. వేసవి దుక్కిలో అయితే రోజూ పని అయ్యాక చూడండి. స్పాంజి ఫిల్టర్‌ని సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి, కొంచెం ఇంజన్ ఆయిల్‌లో ముంచి గట్టిగా పిండి పెట్టాలి. పెట్రోలుతో కడగొద్దు. ఫిల్టర్ తీసేసి నడిపితే పికప్ బాగుందని ఎవరైనా చెబితే వినకండి, అలా నడిపితే ఒక్క సీజన్‌కే పిస్టన్ రింగులు పోతాయి.

ఇంజన్ ఆయిల్ రోజూ స్టార్ట్ చేసే ముందు చూడాలి, 100 గంటలకోసారి మార్చాలి. ఆ రకం ఇంజన్లలో పట్టేది 0.6 లీటర్లే. అంత తక్కువ ఆయిల్‌తో నడిచే ఇంజన్‌లో పావు లీటరు తగ్గినా ప్రమాదమే. స్పార్క్ ప్లగ్ సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి.

పెట్రోలు గురించి ఒక్క మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది. సీజన్ అయిపోయాక నెలలకొద్దీ ట్యాంకులో ఉంచితే కార్బొరేటర్ పట్టేస్తుంది. నిలబెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపండి. రోటర్ తీసి షాఫ్ట్‌కి గ్రీజు రాసి పెట్టండి, లేకపోతే వచ్చే ఏడు రోటర్‌ని సమ్మెటతో కొట్టి తీయాల్సి వస్తుంది.

ఎప్పుడు బండి వదిలేయాలి అంటే, గేర్‌బాక్స్ అల్యూమినియం కేసింగ్ పగిలి, లోపల గేర్ పళ్లు కూడా విరిగినప్పుడు ఆలోచించొచ్చు. ఇంజన్ ఒక్కటే పోతే ఇంజన్ మాత్రమే మార్చుకునే వీలుంటుంది. మీ బండి ఈ రెంటికీ చాలా దూరంలో ఉంది.

ముందు రోటర్ తీసి సీల్ దగ్గర ఏం చుట్టుకుందో చూడండి, గేర్ ఆయిల్ దింపండి. దిగిన ఆయిల్ ఫోటో, సీల్ మీది అంకెలు ఇక్కడే పెట్టండి. ఆ ఆయిల్ చూసి, రోటర్ ఊపితే ఆడుతోందో లేదో మీరు చెబితే, సీల్ ఒక్కటే సరిపోతుందో, బేరింగు కూడా కొనాలో చెప్పగలను.